ఆ బంతులాట బొమ్మ తీసేయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ సైన్స్ పేజీలో ప్రోటాన్లు, న్యూట్రాన్ల మధ్య ఉండే బలం గురించి వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, రెండోసారి పెన్ను చేతపట్టుకుని. తెలుగు పేపర్లో న్యూక్లియర్ ఫిజిక్స్ అంటే బాంబో రియాక్టరో తప్ప ఇంకేమీ కనపడని రోజుల్లో సాలిటాన్ (చెదిరిపోకుండా ఒక ముద్దలా నిలబడే అల) అనే మాట అచ్చవడమే గొప్ప, అందుకు మీకు థాంక్స్. కానీ అందులో రెండు మూడు చోట్ల విషయం పక్కదారి పట్టింది. ఒక చోటైతే నేను ముప్పై ఏళ్లు క్లాసులో చేసిన తప్పే మీ రచయిత కూడా చేశారు, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి, అంకెలు మాత్రం కత్తిరించకండి.

ముందు ఆ తప్పు సంగతి. వ్యాసం పక్కన ఇద్దరు కుర్రాళ్లు బంతి విసురుకుంటున్న బొమ్మ వేశారు. ప్రోటానూ న్యూట్రానూ అలాగే పయాన్ అనే కణాన్ని ఒకదాని మీదికి ఒకటి విసురుకుంటాయి, అందుకే విడిపోకుండా ఉంటాయి అని రాశారు. ఇంటర్ సెకండియర్‌లో కేంద్రక బలాల పాఠం వచ్చినప్పుడల్లా నేనూ ఇదే బొమ్మ బోర్డు మీద గీసేవాణ్ణి. ఒక ఏడాది వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, బంతి విసిరినవాడు వెనక్కి తూలుతాడు, పట్టుకున్నవాడూ వెనక్కే తూలుతాడు, మరి ఇద్దరూ దగ్గరికెలా వస్తారు?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేసి, అది క్వాంటం మెకానిక్స్ బాబూ, పై చదువుల్లో చెప్తారులే అని గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను. నిజం చెప్పాలంటే పై చదువుల్లో నాకూ ఎవరూ చెప్పలేదు. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని చదువుకుంటే తెలిసింది, ఆ కుర్రాడు అడిగిన ప్రశ్న దగ్గరే ఈ సాలిటాన్ సిద్ధాంతం కూడా చాలా ఏళ్లు ఇరుక్కుపోయిందని.

బంతి ఎక్కడి నుంచి వచ్చిందో అందరికీ తెలిసిందే. 1935లో జపాన్‌లో యుకావా, ఈ బలం ఒక కణం ద్వారా పనిచేస్తుందనీ, ఆ కణం బరువును బట్టి బలం ఎంత దూరం పోతుందో చెప్పొచ్చనీ అన్నాడు. పయాన్ బరువు సుమారు 140 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు (కణాల బరువుని శక్తి కొలతలోనే చెప్తాం), దాన్నుంచి వచ్చే దూరం 1.4 ఫెర్మీలు. ఫెర్మీ అంటే మిల్లీమీటర్‌లో లక్ష కోట్లవ వంతు. పయాన్ 1947లో ఇంగ్లండ్‌లో దొరికింది. అంతకుముందే, యుద్ధ కాలంలో, మన డార్జిలింగ్ కొండల మీద ఫొటో ప్లేట్లు పెట్టి బిభా చౌధురి, దేవేంద్ర మోహన్ బోస్ చాలా దగ్గరి దాకా వచ్చారు, మంచి ప్లేట్లు దొరక్క ఆగిపోయారు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉండదు కాబట్టి సందర్భం వచ్చింది కదా అని చెప్తున్నాను. యుకావా సమీకరణంలో మాత్రం బంతి లేదు. ఉన్నది క్షేత్రం, అంటే ఖాళీ అంతా పరుచుకుని ఉన్న ఒక పరిమాణం. బంతి తర్వాత పాఠాలు చెప్పేవాళ్లం పెట్టింది.

ఇక మీ రచయిత "కొత్త సిద్ధాంతం" అన్న దాని వయసు అరవై దాటింది. ఇంగ్లండ్‌లో హార్వెల్ అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన టోనీ స్కిర్మ్ దీన్ని 1961, 1962ల్లో ప్రచురించాడు. ఆయన ఆలోచన తలకిందులుగా ఉంటుంది. అందరూ ప్రోటాన్లు, న్యూట్రాన్లు ముందు ఉన్నాయనీ వాటి చుట్టూ పయాన్ క్షేత్రం ఉందనీ అనుకుంటుంటే ఈయన, అసలు ఉన్నది పయాన్ క్షేత్రమే, అందులో పడిన పురినే మనం ప్రోటాన్ అంటున్నాం అన్నాడు. చిన్నప్పుడు తల్లి తరఫువాళ్ల ఇంట్లో, సముద్రపు పోటుపాట్లు లెక్కగట్టడానికి లార్డ్ కెల్విన్ పద్ధతిలో చేసిన పళ్లచక్రాల యంత్రం ఉండేదట. అదే కెల్విన్ 1867లో పరమాణువులంటే ఒక ద్రవంలో పడిన సుడులు అన్నాడు. అది తప్పని తేలింది కానీ స్కిర్మ్‌కి ఆ ఊహ మీద మోజు పోలేదు.

పురి అని ఊరికే అనలేదు. కిరాణా కొట్లో పొట్లాలు కట్టే పురికొస ఒక మూర తీసుకుని రెండు చివర్లూ మేకులకి కట్టేయండి. కట్టే ముందు ఒక పురి వేసి కట్టారనుకోండి, ఇక దాన్ని అటూ ఇటూ జరపగలరు, వదులుగానో బిగువుగానో చేయగలరు, కానీ ముడి విప్పకుండా దాన్ని లేకుండా చేయలేరు. పురులు ఒకటి, రెండు, మూడు అని లెక్కకు వస్తాయి, ఒకటిన్నర పురి ఉండదు. ఎడమ పురి, కుడి పురి ఎదురైతే రెండూ మాయమవుతాయి. ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం లెక్క ఏ ప్రక్రియలోనూ మారదని, ప్రోటాన్ దాని ప్రతికణంతో కలిస్తే రెండూ పోతాయని మనం చదువుకున్నదీ ఇదే. ఎందుకు మారదు అంటే పుస్తకాల్లో "అది నియమం" అని ఉంటుంది, స్కిర్మ్ దగ్గర మాత్రం పురి విప్పడం కుదరదు కాబట్టి మారదు. నాకు ఈ సిద్ధాంతం మీద ప్రేమ పుట్టింది ఇక్కడే. పోలికకు హద్దుందని కూడా చెప్పాలి. తాడు ఒక గీత, ఇక్కడ మెలిపడేది మూడు దిక్కుల ఖాళీ మొత్తం, దాన్ని కాగితం మీద గీయడం నా వల్ల కాదు. దగ్గరగా గీసే బొమ్మలో నడిమధ్య నుంచి అన్ని వైపులకీ బాణాలు పొడుచుకొచ్చి ముళ్లపందిలా ఉంటుంది, ఫిజిక్స్‌లో దాని పేరు కూడా ముళ్లపందే.

ఒక చిక్కుంది. మామూలు పయాన్ సమీకరణంలో ఇలాంటి పురి వేస్తే అది కుంచించుకుపోయి చివరికి సైజే లేకుండా పోతుంది. స్కిర్మ్ ఇంకో పదం కలిపాడు, అది పురిని ఉబ్బేలా చేస్తుంది. ఒకటి నొక్కుతుంటే ఒకటి ఉబ్బిస్తుంది, రెండూ సరిపోయిన చోట దాదాపు ఒక ఫెర్మీ సైజులో గట్టి ముద్ద నిలబడుతుంది. అంతకుమించి ఆ సిద్ధాంతంలో సర్దుబాటు చేసుకోడానికి పెద్దగా ఏమీ లేదు, పయాన్ బరువు పక్కన పెడితే రెండే రెండు అంకెలు.

ఇరవై ఏళ్లు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. క్వార్కులు (ప్రోటాన్ లోపలి కణాలు) వచ్చాయి, అందరూ అటు పోయారు. 1982లో అమెరికాలోని సిరక్యూజ్ యూనివర్సిటీలో బాలచంద్రన్, నాయర్, రాజీవ్, స్టెర్న్ అనే నలుగురు దీన్ని మళ్లీ పైకి తీశారు. ఈ బాలచంద్రన్ మద్రాసులో అల్లాడి రామకృష్ణన్ గారి దగ్గర పీహెచ్‌డీ చేశారు. అల్లాడి వారిది నెల్లూరు జిల్లా మూలాలున్న కుటుంబం, రాజ్యాంగం రాసిన కమిటీలో ఉన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారి అబ్బాయే ఈ రామకృష్ణన్. మద్రాసులో సొంత ఇంట్లో కుర్రాళ్లని కూర్చోబెట్టి సెమినార్లు నడిపి, 1962లో మ్యాథ్‌సైన్స్ సంస్థ పెట్టించారు. మీ వ్యాసంలో ఈ మాట ఒక్క వాక్యం ఉన్నా ఎంత బాగుండేది.

1983లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త విట్టెన్ ఆ పురి నిజంగా ప్రోటాన్‌లా సగం స్పిన్‌తో (స్పిన్ అంటే కణం తనలో తాను తిరుగుతున్నట్టుండే గుణం) ప్రవర్తించగలదని, క్వార్కుల్లో రంగులని పిలిచే రకాలు మూడు, అంటే బేసి సంఖ్య, కాబట్టే అలా వస్తుందని చూపించాడు. అదే ఏడాది యాడ్కిన్స్, నాపీలతో కలిసి అంకెలు తీశాడు. న్యూక్లియాన్ (ప్రోటాన్, న్యూట్రాన్ రెండింటికీ ఉమ్మడి పేరు) బరువు 939, దాని అన్న లాంటి డెల్టా కణం బరువు 1232 ఇచ్చి మిగతావి లెక్కగడితే చాలావరకు ముప్పై శాతం తేడాలోపు వచ్చాయి. ప్రోటాన్, న్యూట్రాన్ల అయస్కాంత బలాల నిష్పత్తి ప్రయోగంలో 1.46, లెక్కలో 1.43! అదే బీటా క్షయానికి (న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారడానికి) సంబంధించిన అంకె అప్పటి ప్రయోగాల్లో 1.23 అయితే లెక్కలో 0.61, సగమే. పయాన్ క్షేత్రం బిగువు చెప్పే అంకె 186 ఉండాల్సింది 129 పెట్టుకోవాల్సి వచ్చింది. మీ వ్యాసంలో మొదటి అంకె వేసి తర్వాతి రెండూ వదిలేశారు, అది నాకు నచ్చలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు పురులు పక్కపక్కన ఉంటే ఏమవుతుంది?

దూరం నుంచి చూస్తే ఒక్కో స్కిర్మియాన్ (స్కిర్మ్ చెప్పిన పురికి పేరు), ఒకదానికొకటి లంబంగా కట్టిన మూడు చిన్న బార్ మాగ్నెట్ల కట్టలా ఉంటుంది, అయస్కాంత క్షేత్రం బదులు పయాన్ క్షేత్రం అనుకోండి. మాగ్నెట్ల సంగతి పిల్లలకీ తెలుసు, ఒక తీరున పెడితే లాక్కుంటాయి, తిప్పి పెడితే తోసుకుంటాయి. ఇక్కడా అంతే. రెండింటినీ ఒకే తీరున నిలబెడితే ఆ దూరంలో దాదాపు బలమే ఉండదు. వాటిని కలిపే గీతకి అడ్డంగా ఒక ఇరుసు ఊహించి దాని చుట్టూ ఒకదాన్ని 180 డిగ్రీలు తిప్పితే గట్టిగా లాక్కుంటాయి. కలిపే గీత చుట్టూనే తిప్పితే తోసుకుంటాయి. లాక్కునే తీరులో వదిలేస్తే రెండూ దగ్గరికొచ్చి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మధ్యలో చిల్లున్న గారె ఆకారంలోకి మారతాయని 1987లో కంప్యూటర్ల మీద తేలింది. అక్కడ ఏది ప్రోటాన్, ఏది న్యూట్రాన్ అని అడిగితే సమాధానం లేదు. మూడు కలిస్తే నాలుగు మూలల పిరమిడ్, నాలుగు కలిస్తే మూలలు అరిగిన పాచిక.

ఇంతవరకూ చదివితే ఆకర్షణ వచ్చేసింది కదా, కథ అయిపోయింది కదా అనిపిస్తుంది. మీ వ్యాసం ఇక్కడే ఆగింది. కానీ నిజమైన న్యూక్లియాన్ ఒక తీరున నిలబడి ఉండదు. క్వాంటం లెక్కలో అది అన్ని తీరుల్లోనూ ఒకేసారి ఉన్నట్టు, అంటే తిరుగుతూ ఉన్న ముళ్లపందిలాంటిది. అన్ని తీరులకీ సగటు తీస్తే లాగడం, తోయడం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది స్పిన్‌లు ఎటు చూస్తున్నాయో దాన్ని బట్టి మారే భాగం మాత్రమే. అదీ నిజమే, దాని వల్లే డ్యూటీరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన కేంద్రకం) గుండ్రంగా కాకుండా కొంచెం సాగినట్టు ఉంటుంది, 1939లోనే ప్రయోగంలో చూశారు. కానీ కేంద్రకాన్ని పట్టి ఉంచేది, ఒక ఫెర్మీ దూరంలో స్పిన్‌తో పెద్దగా పనిలేకుండా పనిచేసే ఆకర్షణ. 1985 ప్రాంతంలో రెండు మూడు బృందాలు రెండు స్కిర్మియాన్లని గుణించి, అవును, అక్షరాలా మాత్రికల గుణకారమే, వాటి మధ్య బలం లెక్కగట్టాయి. దూరాన పయాన్ బలం సరిగ్గా వచ్చింది. బాగా దగ్గర తోసుకోవడం వచ్చింది. మధ్యలో రావాల్సిన ఆకర్షణ రాలేదు! వెనక బెంచీ కుర్రాడి ప్రశ్నే చూడండి, దగ్గరికెలా వస్తారు అని.

దారి దొరికింది మనకి కెమిస్ట్రీలో తెలిసిన చోటే. రెండు ఆర్గాన్ పరమాణువులకి దేనికీ ఛార్జి లేదు, సగటున డైపోలూ లేదు, అయినా చల్లబరిస్తే ద్రవమవుతుంది. ఎందుకంటే ఒకటి దగ్గరికి రాగానే రెండోది కాస్త సర్దుకుంటుంది, దాన్ని చూసి మొదటిదీ సర్దుకుంటుంది, ఇలా సర్దుకోవడంలో శక్తి తగ్గుతుంది, అదే ఆకర్షణ. వాన్ డర్ వాల్స్ బలం అని నేర్పిస్తాం. న్యూక్లియాన్లు కూడా ఎదుటిది దగ్గరికి వస్తే గట్టి బిళ్లలా కదలకుండా ఉండవు, లాక్కునే తీరు వైపు కాస్త మొగ్గుతాయి, క్వాంటం భాషలో క్షణకాలం డెల్టా కణంగా మారి మళ్లీ వెనక్కి వస్తాయి. డెల్టా బరువు కేవలం మూడొందల మెగా ఎలక్ట్రాన్ వోల్టులే ఎక్కువ కాబట్టి ఇది తేలికే. 1985 లెక్కల్లో ఈ మొగ్గుని వదిలేశారు. తర్వాత దాన్ని కలిపితే మధ్య దూరంలో ఆకర్షణ వచ్చింది. ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు, కనిపిస్తే చెప్తాను, బంతి లేదు నాయనా, ఇద్దరూ ఒకరిని చూసి ఒకరు కాస్త తిరుగుతారు, ఆ తిరగడంలో దగ్గరవుతారు అని.

ఇంకో ముల్లు చాలాకాలం ఉండిపోయింది. న్యూక్లియాన్ స్పిన్‌కీ అది తిరిగే కక్ష్యకీ మధ్య ఒక బలం ఉంటుంది, స్పిన్-ఆర్బిట్ బలం అంటాం. 1949లో మేయర్, జెన్సన్ దాని ఆధారంగానే 2, 8, 20, 28, 50, 82, 126 అనే మ్యాజిక్ నంబర్లకి కారణం చెప్పారు. సీసం 208 అంత గట్టిగా ఉండటం 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్ల చలవే. ఎనభైల నుంచి స్కిర్మ్ లెక్కలో దీని ముఖ్యమైన భాగం గుర్తు తప్పుగా వచ్చేది, ప్లస్ రావాల్సిన చోట మైనస్. 2020లో లీడ్స్‌లో హాల్క్రో, హార్లండ్ ఆ మొగ్గు లెక్కనే జాగ్రత్తగా చేస్తే గుర్తు సరైంది. కొత్త వార్త అంటే ఇదీ సార్. ఒక గుర్తు సరిచేయడానికి ముప్పై ఏళ్లకి పైగా పట్టిందని హెడ్డింగ్ పెడితే నేనైతే టీ చల్లారినా పట్టించుకోకుండా చదివేవాణ్ణి.

"గుట్టు వీడింది" అనడానికి లేదు, ఎందుకంటే ఇంకా బాకీలున్నాయి. పెద్ద బాకీ కట్టుబడి శక్తి, అంటే కేంద్రకాన్ని విడగొట్టడానికి కావాల్సిన శక్తి. నాలుగు స్కిర్మియాన్ల పాచికని మొదటి సిద్ధాంతంలో లెక్కగడితే అది హీలియం 4 కేంద్రకం కంటే దాదాపు పదింతలు గట్టిగా అతుక్కుని ఉంటుంది. నిజమైన హీలియంలో ఒక్కో న్యూక్లియాన్‌కి ఏడు మెగా ఎలక్ట్రాన్ వోల్టులు, డ్యూటీరాన్‌కి మొత్తం కలిపి 2.2 మాత్రమే. ఆకర్షణ లేదని ఏడ్చినవాళ్లే ఇక్కడికొచ్చేసరికి ఎక్కువైందని ఏడ్వాల్సి వచ్చింది. 2010 నుంచి దీన్ని తగ్గించే రకరకాల సవరణలు వచ్చాయి, 2018లో నాయా, సట్‌క్లిఫ్ పయాన్‌తో పాటు రో మీసాన్ అనే ఇంకో బరువైన కణాన్నీ కలిపితే బాగా తగ్గుతుందని చూపించారు. రెండు అంకెల సిద్ధాంతం కాస్తా లావవుతోంది, అదీ ఒప్పుకోవాలి.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. కార్బన్ 12 కేంద్రకంలో 7.65 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక స్థితి ఉండి తీరాలని ఖగోళ శాస్త్రవేత్త హొయిల్ చెప్పడం, 1953లో అది దొరకడం తెలిసిన కథే, అది లేకపోతే నక్షత్రాల్లో ఇంత కార్బన్ తయారయ్యేది కాదు. 2014లో లౌ, మాంటన్ మూడు పాచికల్ని త్రిభుజంలా పేర్చితే మామూలు కార్బన్, ఒకే వరసలో పేర్చితే హొయిల్ స్థితి, రెండింటి భ్రమణ శక్తులూ ప్రయోగానికి దగ్గరగా వస్తున్నాయని చూపించారు.

మీ రచయిత చివర్లో, ఇక పాత పద్ధతులకి కాలం చెల్లినట్టే అన్నట్టు రాశారు. అది పూర్తిగా తప్పు. రోజూ కేంద్రకాల లెక్కలు చేసేవాళ్లు వాడేవి వేరు. 1995 నాటి ఆర్గాన్ వీ18 అనే బలం సుమారు నలభై అంకెల్ని సర్దుబాటు చేసుకుని, నాలుగు వేలకు పైగా ప్రయోగ ఫలితాలతో సరిపోతుంది (పైన చెప్పిన ఆర్గాన్ వాయువుతో దీనికి సంబంధం లేదు, ఇది అమెరికాలో ఆర్గాన్ అనే లాబ్ పేరు). 2007లో జపాన్‌లో ఇషీ, ఆవోకీ, హత్సుదా క్వార్కుల సిద్ధాంతం నుంచే సూపర్ కంప్యూటర్ మీద ఈ బలాన్ని తీశారు, పయాన్ బరువు నిజం కంటే చాలా ఎక్కువ పెట్టుకోవాల్సి వచ్చినా దగ్గర వికర్షణ, మధ్యలో ఆకర్షణ రెండూ కనిపించాయి. నా మటుకు నాకు అంకె కావాలంటే వీ18 దగ్గరికే పోతాను, ఎందుకు అని అడిగితే స్కిర్మ్ దగ్గరికి వస్తాను. నలభై అంకెలతో సరిపోయిందంటే మెచ్చుకుంటాం, రెండు అంకెలతో ముప్పై శాతం తేడాలో వచ్చిందంటే కూర్చుని ఆలోచిస్తాం.

చివరగా పేర్ల గందరగోళం. వ్యాసంలో "స్కిర్మ్ బలాన్ని ప్రపంచమంతా వాడుతున్నారు" అని ఉంది. వాడుతున్న మాట నిజమే కానీ అది ఈ సాలిటాన్ వ్యవహారం కాదు. అదే మనిషి 1950ల్లో, పెద్ద కేంద్రకాల లెక్క తేలిక చేయడానికి, రెండు న్యూక్లియాన్లు ఒకే చోట తగిలితేనే పనిచేసే ఒక తేలికపాటి బలం రాశాడు. 1972లో వాథరిన్, బ్రింక్ దాన్ని కంప్యూటర్ లెక్కల్లో పెట్టాక అది పాకిపోయింది. ఒకరి పేరుతో రెండు వేరువేరు వస్తువులు, బయటివాళ్లు పొరబడటం సహజమే.

వ్యాసం మధ్యలో రంగుల్లో వేసిన ఫొటో అయితే మూడో వస్తువు. వరసగా తేనెపట్టులా కనిపిస్తున్న ఆ చుక్కలు అయస్కాంత స్కిర్మియాన్లు, 2009లో మాంగనీస్ సిలిసైడ్ అనే లోహంలో బాగా చల్లబరిచి మొదట చూశారు. స్కిర్మ్ గణితమే అక్కడా పనికొస్తుంది కానీ అవి ఒక్కోటి పద్దెనిమిది నానోమీటర్ల దాకా ఉంటాయి, అంటే ప్రోటాన్ కంటే కోటి రెట్లకు పైగా పెద్దవి. దాని కింద "ప్రోటాన్ లోపలి దృశ్యం" అని వేశారు. మిగతావన్నీ మీ ఇష్టం, ఆ క్యాప్షన్ మాత్రం వచ్చే ఆదివారం సరిచేయండి, మా మనవరాలు ఆ ఫొటో కత్తిరించి స్కూల్ ప్రాజెక్టులో అతికించింది. బంతులాట బొమ్మ బదులు పురికొస బొమ్మ కావాలంటే గీసి పంపుతాను, గీత బాగోకపోతే మీ ఆర్టిస్టు దిద్దుకుంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
తణుకు.